జెర్రి లేదమ్మగారూ

ఇంతకాలం నాలో ఒక మాట బరువుగా పడి ఉంది. పిల్లల్ని కన్నాను, పెంచాను, ఇంటికొచ్చినవాళ్ళకి వండి పెట్టాను, వందల కథలు చెప్పాను. ఆ ఒక్కటీ చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

నాకు పెద్ద చదువు లేదు. జ్ఞాపకం మాత్రం ఉంది. ఎవరేమన్నా అన్నది అన్నట్టు, గొంతుతో సహా, ఎన్నాళ్ళకైనా చెప్పగలను. అందరూ మెచ్చుకునే ఆ గుణమే ఇక్కడ నన్ను ముంచింది. కాదు. నన్ను ముంచలేదు, పైడయ్యని ముంచింది.

నర్సీపట్నంలో మోటారు అంటే పిల్లలు వెనక పరుగెత్తే రోజులవి. మా బావగారు, అంటే మా ఆయనకి అన్నగారు, వకీలు. ఆయన ఒక మోటారు కొన్నారు. ముందు సీట్లో బావగారు, మా ఆయన, తోలడానికి పైడయ్య. వెనక సీట్లో ఆడవాళ్ళం. మధ్యలో తెర. కంకర రోడ్డు మీద ఆ బండి ఎక్కితే రేకుల మోతకి చెవులు దిబ్బళ్ళు పడేవి. రాళ్ళు ఎగిరి అడుగున తగిలేవి, తలుపులు గడగడలాడేవి. ముందువాళ్ళు ఒకరి చెవిలో ఒకరు నోరు పెట్టి మాట్లాడుకునేవారు. నాకు మాటలు అందేవి కావు. నవ్వులు మాత్రం అందేవి.

ఆ నవ్వులే నన్ను తినేశాయి. మాది నాతవరం దగ్గర పల్లె. మా నాన్న రైతు. అత్తవారు పట్నం వాళ్ళు. తెర అవతల నవ్వు వినపడితే చాలు, అది మా నాన్న తలపాగా గురించేనని, మా అమ్మ మాటతీరు గురించేనని నాకు నేనే అనుకునేదాన్ని. మా ఆయన కూడా నవ్వేవారు. ఆయన దేనికి నవ్వారో అడిగితే, "ఏం లేదు" అనేవారు. ఏం లేకుండా ఎవరైనా నవ్వుతారా?

ఒక మధ్యాహ్నం పెరటి గుమ్మం దగ్గర పైడయ్యని పిలిచాను. ఎవరూ లేరు. "అత్తయ్యగారికి ఈ మోతకి తలనొప్పి వస్తోంది. ఏమైనా చెయ్యలేవా?" అన్నాను. తలనొప్పి అబద్ధం కాదు. కానీ నేనడిగింది తలనొప్పి కోసం కాదు. తెర అవతల మాట వినడం కోసం.

వాడు సంబరపడ్డాడు. "రేకు ఒణుకుతాదమ్మా, ఆ ఒణుకే మోత. దానికి బరువంటిస్తే నోరు మూసుకుంటాది," అన్నాడు. బావగారు కోర్టు పనిమీద ఊరెళ్ళినప్పుడు బండి అంతా విప్పి పరిచాడు. గోనెపట్టాలు తారులో ముంచి తలుపు రేకుల లోపల, అడుగు రేకు మీద అంటించాడు. తలుపుల బోలులో కొబ్బరిపీచు కూరాడు. అడుగు చెక్కల మధ్య సందులకి ఏటికొప్పాక బొమ్మలవాళ్ళ దగ్గర తెచ్చిన లక్క కరిగించి పోశాడు. ఆపైన పాత కంబళి రెండు మడతలు. పొగగొట్టం దగ్గర మాత్రం తారు తగలనివ్వలేదు, అంటుకుంటుందని. చేతులకి అంటిన తారు కిరసనాయిలుతో కడుక్కుంటూ ఎంత ఆనందంగా ఉన్నాడో!

మోత పూర్తిగా పోలేదు. కానీ సగానికి సగం చచ్చింది. అత్తయ్యగారు బండిలో గుర్రుపెట్టి నిద్రపోవడం మొదలుపెట్టారు. బావగారు పైడయ్య భుజం తట్టారు.

నేను విన్నాను. రోజూ విన్నాను. బెల్లం ధర, పాడైన టైరు, ఎవరిదో దావా. మా నాన్న మాట ఒక్కటీ లేదు. సిగ్గుపడాలి కదా? నాకు మరో అనుమానం పుట్టింది. నేను లేనప్పుడు అంటున్నారేమో అని.

అప్పుడే మా ఆడపడుచుకి గొలుగొండలో సంబంధం కుదిరేలా ఉంది. పెద్దవాళ్ళం వెళ్ళి చూసి, భోంచేసి వస్తున్నాం; వెనక సీట్లో అత్తయ్యగారు, నేను. పెళ్ళికొడుకు తండ్రి పెద్దమనిషే కానీ కాస్త పొదుపరి. దారిలో బావగారు మామూలు గొంతుతో అన్నారు: "మజ్జిగ పోస్తుంటే ఆయన చెయ్యి ఎలా వణికిందో చూశావురా? ముసలితనం కాదు. చుక్క ఎక్కువ పడిపోతుందేమోనని." మా ఆయన పడీపడీ నవ్వారు. తెర వెనక నేను కొంగు నోట్లో కుక్కుకున్నాను.

అంత మంచి మాట నా దగ్గర ఎలా ఆగుతుంది? మా అక్కని ఇచ్చింది గొలుగొండలోనే. సంతకి వచ్చి మా ఇంటికొచ్చింది. చెయ్యి వణికించి మరీ చూపించాను. ఇద్దరం కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వుకున్నాం. అక్క ఎవరికి చెప్పిందో, వాళ్ళెవరికి చెప్పారో. కొన్నాళ్ళకి గొలుగొండ నుంచి కబురొచ్చింది: "మావి వణికే చేతులు. మీ పిల్లని పట్టుకోలేం."

ఇల్లు ఒక్కసారిగా చల్లబడిపోయింది. మా ఆడపడుచు ఆ రోజు అన్నం ముట్టలేదు.

బావగారు వాకిట్లో పైడయ్యని నిలబెట్టారు. "ఆ మాట బండిలో అన్నది. ముందు ఉన్నది ముగ్గురం. నేను చెప్పలేదు, తమ్ముడు చెప్పలేదు. ఏరా, మోత చంపింది అందుకేనా? మా మాటలు వినడానికా? ఎవరు చెయ్యమన్నారు?"

నేను తలుపు వెనక ఉన్నాను. పైడయ్య ఒక్కసారి ఇటు చూశాడు. "ఎవురూ సెప్నేదండి. పెద్దమ్మగారికి తలనొప్పని నేనే సేసానండి. మాట మాత్రం నేనెక్కడా అన్నేదు బాబూ."

అప్పుడు మా ఆయన మెల్లగా అన్నారు: "అన్నయ్యా, వెనక్కి కూడా వినపడుతుందేమో." ఆయన ఎందుకన్నారు? పైడయ్య మీద జాలితోనా? నా మీద అనుమానంతోనా? ఇన్నేళ్ళూ ఇదే ఆలోచన. ఆయన్ని అడగలేదు. ఇప్పుడు ఆయన లేరు.

సరే చూద్దామన్నారు బావగారు. అత్తయ్యగారు దారిపొడుగునా నిద్రపోయానన్నారు కాబట్టి నన్నొక్కదాన్నే వెనక కూర్చోబెట్టారు. తెర దించారు. బండి నాతవరం రోడ్డు పట్టింది. కొంతదూరం పోయింది. తరువాత బావగారు, పక్కవాడితో అన్నట్టే, "ఒరే, తెర కింద జెర్రి పాకుతోంది. మీ ఆవిడ కాళ్ళకేసి పోతోంది చూడు," అన్నారు.

ప్రతి అక్షరం వినపడింది. నేను అరవలేదు. ఊపిరి కూడా బయటికి రానివ్వలేదు. కానీ కాళ్ళు నా మాట వినలేదు. రెండు కాళ్ళూ సీటు మీదికి లాక్కుని, చీరలో ముడుచుకుని కూర్చున్నాను.

"ఏమైనా వినపడిందేమో అడగరా," అని బావగారు గట్టిగా అన్నారు. మా ఆయన అడిగారు. "చక్రాల మోత తప్ప ఏమీ లేదు," అన్నాను. గొంతు వణకలేదు. ఎలా వణకలేదో నాకే తెలియదు.

ఇంటి ముందు బండి ఆగింది. పైడయ్య దిగివచ్చి వెనక తలుపు తీశాడు. నేనింకా కాళ్ళు సీటు మీదే ఉంచుకుని ఉన్నాను. నా కాళ్ళకేసి చూశాడు. మొహంకేసి చూశాడు. అర్థమైంది వాడికి.

"జెర్రి లేదమ్మగారూ," అన్నాడు, నాకు మాత్రమే వినపడేలా. "దిగండి."

ఆ రెండు మాటల మధ్య కాస్త ఆగాడు. అది నాకిచ్చిన అవకాశం. ఇప్పుడు తెలుస్తోంది. కాదు, అప్పుడూ తెలుసు. నేను కాళ్ళు దించి, కొంగు సర్దుకుని, లోపలికి వెళ్ళిపోయాను. వాడి వెనక మా ఆయన నిలబడి ఎటు చూస్తున్నారో తిరిగి చూడలేదు.

పైడయ్యని ఆ సాయంత్రమే పంపేశారు. ఇంటి మాటలు బయటికి మోసే మనిషని ఊళ్ళో పేరు పెట్టారు. ఇంకెవరూ వాడి చేతికి బండి ఇవ్వలేదని తరువాత విన్నాను. ఎక్కడికి పోయాడో తెలియదు. నేనేం చేశానో తెలుసా? వాడి కోసం బాధపడలేదు. భయపడ్డాను. పెరటి తలుపు కదిలితే పైడయ్యే అనుకునేదాన్ని. చెప్పేస్తానని బెదిరించడానికి వస్తాడని, ఏదో అడుగుతాడని. నెలలు గడిచాయి. వాడు రాలేదు. ఆ మనిషి గురించి కూడా నేను అనుకున్నది తప్పే.

బావగారు ఆ గోనెపట్టాలు, కంబళి అన్నీ పీకించేశారు. కొబ్బరిపీచు పెరట్లో పోగుపడి ఉంటే కోళ్ళు కెలికాయి. బండి మళ్ళీ గడగడలాడింది. అత్తయ్యగారికి మళ్ళీ తలనొప్పి. తెర అవతల నవ్వులు మాత్రం లేవు. మా ఆయన బండిలో మాట్లాడటం మానేశారు. మోత వల్లనా? నా వల్లనా? ఆ మోతలో కూర్చుని నేను హాయిగా ఊపిరి పీల్చుకున్నాను. అన్నిటికన్నా చెప్పుకోలేనిది అదే. నాకు హాయిగా ఉండేది.

ఆడపడుచుకి మరో ఊళ్ళో పెళ్ళయింది. బాగానే ఉంది. ఆ బాగు చూసి నేను తేలికపడబోతే, తారు ఇంకా పోని రెండు చేతులు కళ్ళముందుకొస్తాయి.

క్షమించమని ఎవరిని అడగను? అడగాల్సినవాడు ఎక్కడున్నాడో తెలియదు. మీరు క్షమించినా అది చెల్లదు. అడిగినరోజు చెప్పాల్సిన జవాబు ఒకటి నా దగ్గర ఉండిపోయింది. అది ఇక్కడ పెట్టేస్తున్నాను, అంతే.

వినపడింది బావగారూ. ప్రతి మాటా వినపడింది. మోత చంపమన్నదీ నేనే.