బావ గీసిన బీరు స్టాండు

మా బావ పోయాడన్న కబురు పక్కనున్న టైర్ల షాపు ఫోనుకి వచ్చింది. "బాపట్ల నుంచండీ, మీ బావగారిని ప్రభువు పిలుచుకున్నాడంట" అని షాపాయన రోడ్డు మీద నుంచే కేకేశాడు. నేనప్పుడు ఒక గేటుకి వెల్డింగు పెడుతున్నాను. చేతిలో రాడ్డు అయిపోయేదాకా కూడా ఆగకుండా వదిలేసి లేచాను. ఆ మాత్రం మర్యాద నాకూ ఉంది.

మర్నాడు చర్చిలో ఆయన్ని పొగిడిన తీరు వింటే, పెట్టెలో ఉన్నది ఇంకెవరో అనుకుని లేచి చూడబోయాను. నిరాడంబరుడట. మితభాషట. "జీవితంలో మత్తు పదార్థం పెదవికి తాకించని విశ్వాసి" అంటూ సంఘపెద్ద ఒకాయన గొంతు వణికించాడు. ఆ వణికించినాయనా మా బావా రేపల్లె అవతల ఒకే సారా పాకలోంచి తల వంచుకుని బయటికి రావడం చూసినవాళ్ళు ఆ చర్చిలోనే నలుగురైనా ఉన్నారు. నలుగురూ కళ్ళు మూసుకుని ఆమెన్ అన్నారు. చచ్చినవాడు తిరిగి మాట్లాడడు గనక ఏమైనా చెప్పొచ్చు. అందుకే నాకు తెలిసిన బావ గురించి నాలుగు ముక్కలు రాసి పెడుతున్నాను.

బావ అంటే మా అక్క మొగుడు. బాపట్లలో హైస్కూలు డ్రాయింగు మాస్టారు. నాది తెనాలి స్టేషను దగ్గర వెల్డింగు షాపు. ఎనభైల్లో షాపు తెరిచిన రోజు, పాస్టరు గారి ప్రార్థన ఇంకా నడుస్తుండగానే బావ ఒక కన్ను మూసి, పెన్సిలు నిలువుగా పట్టుకుని చెయ్యి చాచి నా బోర్డు కొలిచాడు. "అక్షరాలన్నీ ఎడమకి ఒరిగాయిరా" అన్నాడు, అందరి ముందూ. అలా కొలవడం ఆయన రోగం. అక్క వండిన పులిహోర గుట్టని కూడా కొలిచాకే తినేవాడు. జన్మలో ఒక్క మేకు కొట్టి ఎరగడు, ఫ్యూజు పోతే పక్కింటాయన్ని పిలిచేవాడు. అయినా "ముందు గీత, తర్వాతే ఇనుము" అని నాకు పాఠం చెప్పేవాడు. ఇనుము పట్టుకున్నవాడికి చేతులు కాలతాయి, గీత గీసినవాడికి కాలవు. అందుకే ఆయనకి ఆ మాటంటే అంత ఇష్టం.

మద్యనిషేధం వచ్చింది. అంతకుముందు బావ చీరాల వెళ్ళి, ఎవరికీ కనపడకుండా ఒక సీసా బీరు తాగి, యాలకులు నములుతూ ఇంటికొచ్చేవాడు. నిషేధంతో బీరు పోయింది గానీ దాహం పోలేదు. రేపల్లె అవతల సారా దొరుకుతుందని ఎవరో చెవిన వేశారు. బాపట్ల నుంచి రేపల్లెకి తిన్నగా బస్సుంది. కానీ ఆ బస్సులో సగం మంది ఆయన శిష్యులు, తక్కిన సగం శిష్యుల తండ్రులు. అందుకని మాస్టారు శనివారం ఒంటిపూట బడి కాగానే రైల్లో తెనాలి వచ్చి, ఇక్కడ రేపల్లె పాసింజరు ఎక్కేవాడు. పరువు కోసం అంత చుట్టు తిరుగుడు. రెండు రైళ్ళ మధ్య టీ తాగడానికి స్టేషను బయటికొచ్చి, నా షాపు ముందు నుంచి నన్ను చూడనట్టు నడిచేవాడు.

ఆ సారా తాగి ఒకాయనకి చూపు పోయిందని తెలిసిన వారం అక్క తెనాలి వచ్చింది. నన్ను ఎప్పుడూ ఏమీ అడగని మనిషి.

"ఆయన బతుకంతా కళ్ళల్లోనే ఉంది తమ్ముడూ. చూపు పోతే గీత గీయలేడు. గీత లేకపోతే ఆయన ఉండడు. ఆ రేపల్లె రైలు ఎక్కకుండా ఏదన్నా చెయ్యి."

"నేనేం చేస్తానక్కా? పట్టాల మీద అడ్డంగా పడుకోనా?" అన్నాను. అంత మంచి తమ్ముణ్ణి నేను.

తర్వాతి శనివారం బావ తనంతట తనే షాపులోకి వచ్చాడు, చంకలో చుట్టిన కాగితంతో. ఇంట్లోనే బీరు చేసుకుంటాడట. ఏదో ఇంగ్లీషు పుస్తకంలో చదివాడట. దానికి మూడు మెట్ల ఇనుప స్టాండు కావాలి. పై మెట్టు మీద వేణ్ణీళ్ళ డేగిసా, మధ్య మెట్టు మీద మొలకెత్తిన బార్లీ పిండి నానే డేగిసా, కింది మెట్టు మీద స్టవ్వు పెట్టి మరిగించే డేగిసా. ఎత్తి పోసే పని లేకుండా పైనుంచి కిందికి అదే దిగుతుంది.

కాగితం విప్పాను. స్టాండుకి నీడలు వేశాడు! ఎండ తూర్పు నుంచి పడుతున్నట్టు, నాలుగు కాళ్ళకీ మెత్తటి పెన్సిల్ నీడలు. కాళ్ళు మాత్రం కొంగ కాళ్ళంత సన్నం.

"నలభై లీటర్ల మరిగే నీళ్ళు నెత్తిన పెట్టుకుని ఈ కాళ్ళు నిలబడతాయా అండీ బావగారూ? అక్క మీద పడితే?"

"చూపుకి తేలిగ్గా ఉండాలిరా."

"తేలిగ్గా ఉండాలంటే వెదురు కర్రలతో కట్టించుకోండి."

మొహం మాడ్చుకున్నాడు గానీ వెళ్ళలేదు. నా సుద్దముక్కతో నా గచ్చు మీదే మళ్ళీ గీశాడు. గీస్తుండగానే రేపల్లె పాసింజరు వెళ్ళిపోయింది. తర్వాతి శనివారం కొత్త బొమ్మ తెచ్చాడు. ఆ తర్వాత ఇంకోటి. ఒకదానికి మెట్ల అంచున మల్లెతీగ కూడా ఉంది. ప్రతిసారీ వాదించుకోవడం, ప్రతిసారీ రైలు వెళ్ళిపోవడం. ఈ రెండో సంగతి నా మట్టిబుర్రకి ఎక్కలేదు. ఈ చాదస్తుడు నా శనివారాలన్నీ తినేస్తున్నాడని మాత్రం మండిపోయేవాణ్ణి. "స్టాండుకి తొందరేం లేదు తమ్ముడూ, ఆయన్ని రానివ్వు" అని అక్క ఉత్తరం రాస్తే మొహమాటం అనుకున్నాను.

ఐదో శనివారం నోరు జారాడు. "నువ్వు గేట్లు చేసుకునేవాడివిరా. నీకు ఇది అందదు."

ఆ సోమవారమే పని ఆపుకుని ఒక్క పూటలో స్టాండు చేసి పారేశాను. బొమ్మలు ముట్టుకోలేదు. మంచి ఇనుప యాంగిళ్ళు, అడ్డబద్దెలు. అక్కా వాళ్ళ పెరటి గచ్చు కాలవ వైపుకి వాలుగా, వాటంగా ఉంటుందని తెలుసు గనక రెండు కాళ్ళు పొడుగ్గా, రెండు పొట్టిగా కోశాను. నా చేత్తో చేసినవాటిలో అంత కుదురైనది ఇంకోటి లేదు. వ్యానులో వేసుకెళ్ళి పెరట్లో నిలబెట్టి, "ఇదండీ నాకు అందదన్నది" అని వచ్చేశాను. అక్క నావంక చూసిన చూపు నాకు అర్థం కాలేదు.

బావ బీరు చేశాడు. పొట్టు తీసిన బార్లీ మొలకెత్తదని అక్క చెప్పేదాకా మూడు రోజులు తడిగుడ్డ విప్పి చూసుకున్నాడు. చివరికి అక్కే రాగులు మొలకెత్తించి ఇచ్చింది. నేనూ ఒక గుక్క తాగాను. పులిసిన గంజికీ గేదె కుడితికీ మధ్యలో ఏదో అది.

ఆ తర్వాతి శనివారం బావ నా షాపు ముందు నుంచి నడుచుకుంటూ స్టేషనులోకి వెళ్ళిపోయాడు. చంకలో కాగితం లేదు. అప్పుడెక్కింది నాకు. ఆ మనిషికి కావలసింది బీరు కాదు, స్టాండూ కాదు. అది అక్కకి తెలుసు. నాకు తెలిసింది వెల్డింగు ఒక్కటే.

మరుసటి శుక్రవారం బాపట్ల వెళ్ళాను. ఇన్నేళ్ళ పనిలో ఎవరి ముందూ అనని మాట ఆ నీడలు వేసేవాడి ముందు అన్నాను.

"తప్పు చేశానండీ బావగారూ. వాటం చూసుకోలేదు. స్టాండు కుదరలేదు. కోసి మళ్ళీ చెయ్యాలి. మీరు గీసిస్తే తప్ప నావల్ల కాదు."

నాలిక మీద కారం పోసుకున్నట్టుంది. ఆయన మాత్రం పెళ్ళికొడుకులా వెలిగిపోయాడు. "చెప్పానా! ముందు గీత!"

అప్పటి నుంచి ఎన్నిసార్లు కోశానో, ఎన్నిసార్లు అతికానో. నిషేధం ఎత్తేశాక కూడా శనివారం శనివారం వచ్చేవాడు. పూర్తిగా మానేశాడని చెప్పను, చర్చిలో చెప్పేవాళ్ళు చెప్పారు కదా. రేపల్లె రైలు మాత్రం మళ్ళీ ఎక్కలేదు. నేను ఈ ఒక్క పనికే గర్వపడతాను, అదీ ఆయన పెట్టిన భిక్షే.

పోయే ముందు నెల, చేతిలో కాగితం లేకుండా వచ్చాడు. ఆయాసపడుతూ స్టూలు మీద కూర్చున్నాడు.

"నువ్వు మొదట తెచ్చిందే సరైందిరా. నువ్వు వెళ్ళగానే పై మెట్టు మీద చెంబు నిండా నీళ్ళు పెట్టి చూశాను. చుక్క ఒలకలేదు."

"తెలిసీ ఇన్నేళ్ళు ఎందుకొచ్చారండీ?"

"నువ్వెందుకు అబద్ధమాడావురా?"

పక్కనున్న వెల్డింగు నల్లద్దం తీసి మొహానికి అడ్డం పెట్టుకున్నాను. ఎదురుగా వెల్డింగు పెట్టడానికి ఏమీ లేదు. నిప్పురవ్వ లేకపోతే ఆ అద్దంలోంచి ఏమీ కనపడదు, అంతా చీకటే. బావ మాత్రం ఆ రెండు కళ్ళతో నన్నే చూస్తూ కూర్చున్నాడని తెలుస్తూనే ఉంది.