రెండో బేస్‌కు, మూడో బేస్‌కు నడుమ

మా చిన్నప్పుడు... పొద్దున్నే వాకిట్లో అమ్మా నేనూ తంబాకు చాటలు ముందేసుకుని బీడీలు చేస్తుంటే, మా చెల్లె స్వరూప గోడకు బంతి కొట్టుకుంటూ ఉండేది. తునికాకు కత్తిరించే మా చేతులు ఆగేవి కావు... ఆ బంతి చప్పుడూ ఆగేది కాదు.

నేను ఏడో తరగతితో బడి మానేశాను. ఇంటికి పెద్దదాన్ని. బాపు బొంబాయిలో పనికి ఉండేవాడు. స్వరూప వంతు బీడీలు కూడా నేనే చేసేదాన్ని... అది ఆడుకోవాలని.

అమ్మ ఒక్కటే మాట అంది. "పదో తరగతి దాక ఆడనీ. ఆటల హాస్టల్ల సీటొస్తె పోతది. రాకుంటె చాట ముంగట కూసుంటది."

"వస్తది తియ్యే అమ్మా" అని నవ్వింది స్వరూప.

ఆట పేరు సాఫ్ట్‌బాల్. మా జగిత్యాల దిక్కు ఊళ్ళలో అప్పటికి కొత్త. బ్యాటుతో బంతిని కొట్టి, మూడు బేస్‌లు తొక్కుతూ చుట్టి, మళ్ళీ బయలుదేరిన చోటుకు వస్తే ఒక పరుగు. నాకు తెలిసింది అంతే.

స్వరూప పదో తరగతికి వచ్చిన ఏడు జిల్లా ఫైనల్ కోరుట్లలో, కోరుట్ల పిల్లలతోనే. గెలిచిన జట్టే రాష్ట్రం ఆటలకు పోతుందనీ, అక్కడ ఆడినవాళ్ళనే హాస్టల్‌కు తీసుకుంటారనీ ఆటల సారు ముందే చెప్పాడు. అమ్మ నన్ను కూడా వెంట పంపింది. వేములవాడ రాజన్నకు దండం పెట్టుకుని బస్సెక్కాను.

చివరి వంతు మాది. ఒక్క పరుగు వెనకబడి ఉన్నాం. ఇంకొకరు ఔటైతే ఆట అయిపోయినట్టే. మూడో బేస్ మీద మా పిల్ల ఒకతి, రెండో బేస్ మీద స్వరూప. ఇద్దరూ చుట్టి వస్తే గెలుపు మాదే.

మా పిల్ల కొట్టిన బంతి నేల మీద దొర్లుతూ పోయింది. అందుకోవడానికి కోరుట్ల పిల్ల ఒకతి వంగింది. స్వరూప ఆమె ముందు నుంచే ఉరికింది... కాలు ఆమెకు తగిలింది. బంతి ఆమె చేతుల కింది నుంచి జారిపోయింది.

స్వరూప ఆగింది. వంగి, ఆ పిల్ల భుజం తాకి, చేయి కళ్ళకద్దుకుంది.

ఎవరికి కాలు తగిలినా అట్లా మొక్కాలని అమ్మ నేర్పింది. నడక నేర్చినప్పటి అలవాటు... ఆట మధ్యలో ఉన్నామని చేతికి తెలియలేదు. మొక్కి, మళ్ళీ ఉరికింది.

ఇద్దరూ చుట్టి వచ్చారు. మా పిల్లలు ఎగిరి గంతులేశారు. నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. సిరిసిల్ల నుంచి వచ్చిన అంపైర్ మేడం రెండు చేతులూ పైకెత్తి నిలబడి ఉందని ఆ గోలలో ఎవరూ చూడలేదు.

ఆట అక్కడే ఆపేశానంది మేడం. అడ్డం వచ్చినందుకు స్వరూప ఔటు. పరుగులు రెండూ లేవు.

సారు ఉరికి వెళ్ళాడు. "అవుతలోళ్ళు అప్పీలే చెయ్యలేదు మేడం. మీరెట్ల ఔటిస్తరు?"

మేడం గొంతు పెంచలేదు. "బేస్ తొక్కకుంట పోతె వాళ్ళు అడగాలె సార్. అడగకుంటె నేను కండ్లార చూసినా నోరిప్ప. గిది గట్ల కాదు. బంతి పట్టే పిల్లకు అడ్డమొస్తె నేనే ఆపాలె."

"పిల్ల కావాలని చేసిందా?"

"చెయ్యలేదని నాకూ ఎర్కే. గా ముచ్చట రూల్ అడగదు."

సారు ఊరుకోలేదు. "అసలు తగల్నే లేదు. చెప్పవే స్వరూపా... తగిలిందా?"

అందరూ దానివైపే చూశారు.

"తగిలింది సార్. తగిల్తెనే మొక్కిన."

సారు వెనక్కి తిరిగి, బ్యాట్లు సంచిలో సర్దుకున్నాడు.

బస్సు కదిలే ముందు ఆ కోరుట్ల పిల్ల కిటికీ దగ్గరకు వచ్చింది. "ఇగో... నీ కాలు తగలకున్నా గా బంతి నాకు అందకపోతుండె. చెప్దామని అచ్చిన" అంది.

"పోనీ తియ్యి" అంది స్వరూప.

వెనక సీటులో మా జట్టు పిల్ల మూతి తిప్పింది. "ఏం మొక్కులే నీయి! రాజన్నకు మొక్కితె కోడెను కడ్తరు. నువ్వు కోరుట్లోళ్ళకు మ్యాచే కట్టినవ్!"

అందరూ నవ్వారు. స్వరూప కూడా నవ్వింది. తర్వాత నా ఒళ్ళో తల పెట్టుకుంది... జగిత్యాల దాకా లేవలేదు.

పదో తరగతి పరీక్షలు అయిపోగానే అమ్మ నా చాట పక్కన ఇంకో చాట పెట్టింది. తిట్టలేదు. "నేను నేర్పిందే చేసింది బిడ్డ" అని ఒక్కసారి అంది, ఆకుకట్ట విప్పుతూ. ఆ తర్వాత మా ఇంట్లో ఆ మాట రాలేదు.

స్వరూపను ఎల్లారెడ్డిపేట దిక్కు ఇచ్చాం. అక్కడా బీడీలే. తంబాకు దుమ్ముకు ఊపిరాడని దమ్ము రోగం పట్టుకుంది. పోయిన ఏడు కన్నుమూసింది.

అది దవాఖానాలో ఉన్నప్పుడు ఒకరోజు నేను ఆ అంపైర్ మేడంను ఏదో అన్నాను. "ఏమనకే అక్కా... ఆమె సక్కగనే చెప్పింది. గా బంతి ఆ పిల్లది గద" అంది, ఊపిరి అందక మధ్యమధ్య ఆగుతూ.

మొన్న జగిత్యాలలో ఒక బడి మైదానం పక్కన కాసేపు నిలబడ్డాను. ఆడపిల్లలు హెల్మెట్లు పెట్టుకుని ఆడుతున్నారు. ఒక పిల్ల ఔటై ఏడ్చుకుంటూ వచ్చింది. వాళ్ళమ్మ నీళ్ళ సీసా చేతికిచ్చి, "ఏడ్వకు బిడ్డా... వచ్చే నెల మల్ల సెలక్షన్లు ఉన్నయి గద" అంది.

ఆ మాట అనే వీలు మా అమ్మకు లేకపోయింది. మేడం ఇచ్చింది ఒక్క ఔటే... ఆ తర్వాత స్వరూపకు ఇంకో ఆట ఉండాల్సింది.

మీ బడిలోనూ ఒక్క ఆటతో ఆగిపోయిన అమ్మాయి ఉండే ఉంటుంది. గుర్తుంటే ఆమె పేరు కింద రాయండి... సాయంత్రం దీపం పెట్టేటప్పుడు, మా స్వరూపతో పాటు తలుచుకుంటాను.