జింకు తొట్టెలో ఎర్నెస్తీన్

పారిస్ కొండపేటలోని ఆ చిత్రశాలలో ఎర్నెస్తీన్‌కు స్నానమే జీవనోపాధి. ఉదయమే బట్టలు విప్పి, జింకు తొట్టెలో గొంతుక్కూర్చుండి, చిత్రకారునివైపు వీపు త్రిప్పి, స్పంజును మెడమీద పిండుతున్నట్లు పట్టుకొని కదలక ఉండేది. నీళ్లు చల్లారినా వణకదు. ఆయన రంగుసుద్దలకు ఆ వీపే కావలెను. ఆమె ముఖము ఏ చిత్రములోను లేదు. కుడి మోకాలు వాచిన సంగతి శీతకాలమంతా దాచినది. కూర్చుండలేని మోడలుకు ఆ పేటలో తలుపు తెరచువారెవరు?

ఆనాడు లేవబోగా మోకాలు సాగలేదు. తొట్టె అంచు పట్టుకొని, నడుము సగమెత్తి, అక్కడనే చిక్కుపడినది. వీపంతయు మెలితిరిగినది.

"ఆఁ, అలాగే! కదలకు!" అన్నాడు చిత్రకారుడు, కొత్త కాగితము లాగుతూ.

"ఇది భంగిమ కాదయ్యగారూ, లేవలేకపోతున్నాను."

"కనిపిస్తూనే ఉందిలే. ఇన్నేళ్లకి ఇవాళ నటించడం మానేశావు. రేపూ ఇదే కావాలి. ఆ మోకాలు నయం చేసుకొచ్చావో, ఇంకోదాన్ని పిలుచుకుంటా."

ఆమె నవ్వబోయినది. ఆయన నవ్వలేదు.

సాయంకాలము గోడ పట్టుకొని ఇల్లు చేరగా, మెట్లక్రింద కాపలా ఉండే ముసలి బెర్త్ చూచి, "ఏమే, తాగొచ్చావా? ఆ కుంటుడేంటి? ఉండు, కర్పూరతైలం రాస్తా. తెల్లారేసరికి లేడిపిల్లలా గెంతుతావు" అన్నది.

ఎర్నెస్తీన్ మెట్ల కమ్మి పట్టుకొని, "వద్దు పెద్దమ్మా, రేపు పనికి పోవాలి" అన్నది.