అక్క తలకు అమ్మ నూనె పెట్టిన శుక్రవారం

నా చిన్నప్పుడు మేము ఖతార్‌లోని దోహాలో, అల్ మన్సూరాలోని ఒక పాత బిల్డింగులో ఉండేవాళ్ళం. నాన్న ఒక కంపెనీలో స్టోర్ కీపరు. జగిత్యాల దగ్గరి మా ఊళ్ళో చుట్టాలకు మాత్రం మేము దుబాయ్‌లో ఉన్నట్టే లెక్క. మా పక్కింట్లో కెన్యా నుంచి వచ్చిన ఒక అక్క ఉండేది. ఆఫీసుల్లో క్లీనింగ్ డ్యూటీ చేసేది. నిండు నలుపు, మంచి పొడగరి, నవ్వితే మెట్ల దాకా వినిపించేది. ఆమె లిఫ్టు ఎక్కితే కొందరు ఏదో మరచిపోయినట్టు ఆగిపోయి, తర్వాతి లిఫ్టులో వచ్చేవారు. సంగతి తెలిసి కూడా ఆమె వాళ్ళ కోసం తలుపు పట్టుకొని నిలబడేది. నాకు ఒళ్ళు మండేది.

శుక్రవారం సెలవు. అల్ రయ్యాన్‌లో, అబూ హమూర్‌లో ఇళ్ళలో పనిచేసే ఆమె దేశపు ఆడవాళ్ళు ఆ రోజు అక్క దగ్గరికి జడలు వేయించుకోవడానికి వచ్చేవారు. అక్క స్టూలు మీద, వాళ్ళు కింద చాప మీద. సన్న సన్న జడలు, పూటంతా పట్టేది. కబుర్లతో మొదలయ్యేది, ఏడుపులోకి దిగేది. జడ వేసేవాళ్ళకు ముఖం కనపడదు కాబట్టి ఏడవడం తేలిక. తన జుట్టు కంపు కొడుతుందని మేడం అన్నదని ఒకామె, తాను పెంచిన పిల్లే ‘నీ రంగు వదలదా’ అని అడిగిందని ఇంకొకామె ఏడ్చారని అక్కే తర్వాత నాకు హిందీలో చెప్పేది. అక్క ఓదార్చేది కాదు. పాయ తీస్తూనే, ఇది మీ అమ్మ ముద్దు పెట్టుకున్న తల, ఎవరి మాటకూ దించకు అనేది. మా ఇంట్లో నల్లపిల్లను నేనే కాబట్టి, ఆ మాట కోసం నేనూ నా తల అక్కకు అప్పగించి చాప మీద కూర్చునేదాన్ని.

ఒక శుక్రవారం పొద్దున్నే అక్కకు ఫోన్ వచ్చింది. వాళ్ళమ్మ పోయిందని కాసేపటికే బిల్డింగంతా తెలిసింది. ఊరికి పోతానంటే సూపర్‌వైజరు లీవు మాఫీ, అంటే లేదు, ఇప్పుడు కుదరదు అన్నాడట. మధ్యాహ్నానికి ఆడవాళ్ళంతా ఎప్పటిలాగే వచ్చారు. అక్క వాళ్ళకు ఏమీ చెప్పలేదు. నవ్వుతూనే నూనె రాసింది, జడలు వేసింది, ఎప్పటి మాటే చెప్పింది.

చావు జరిగిన ఇంట్లో మావాళ్ళు తలకు నూనె ముట్టించరు. తలుపులోంచి ఇదంతా చూసిన మా అమ్మకు మనసు విరిగిపోయింది. “తల్లి సచ్చిన దినం నూనె డబ్బ వట్టుకున్నదేంది ఈమె! మస్తు గట్టిది, దీనికేం గాదు,” అంది నాన్నతో. అక్క గట్టిదని బిల్డింగు మొత్తం అనుకునేది. అందుకే ఎవరూ పలకరించడానికి వెళ్ళలేదు.

సాయంత్రం అందరూ వెళ్ళాక నేను వెళ్ళాను. అక్క దువ్వెనలో ఇరుక్కున్న వెంట్రుకలు తీస్తోంది. నీకు జడలు ఎవరు వేస్తారక్కా అని వచ్చీరాని హిందీలో అడిగాను. మా అమ్మ వేసేది అంటూ నవ్వింది. ఆ నవ్వు ఆగలేదు, మెల్లగా ఏడుపయింది. నేను భయపడి అమ్మను పిలిచాను.

జడల కోసం వచ్చినవాళ్ళకు ఎందుకు చెప్పలేదని అమ్మ అడిగింది. “వారానికి ఒక్క రోజు వస్తారు దీదీ. నేనే ఏడిస్తే వాళ్ళు ఎక్కడ ఏడవాలి?” అంది అక్క.

అమ్మ ఇంట్లోకి వెళ్ళి మా కొబ్బరినూనె సీసా తెచ్చింది. తను అంతగా పట్టించుకునే ఆచారం ఆమెకు అప్పుడు అడ్డం రాలేదు. అక్కను చాప మీద కూర్చోబెట్టి, తను వెనక స్టూలు మీద కూర్చుంది. ఆ జడలు వేయడం ఆమెకు రాదు. ఉన్నవాటి మధ్య పాపిట పాపిటకూ నూనె పెడుతూ పోయింది. “ఏడ్వు బిడ్డా. నేను ఎనుక కూసున్న, నాకేం కనవడది,” అంది. తెలుగు రాని అక్కకు ఆ మాట ఎలా అర్థమయిందో గానీ, మసీదులో అజాన్ వినిపించేదాకా ఏడ్చింది. అమ్మ కూడా ఏడ్చింది. వాళ్ళమ్మను మట్టి చేసేటప్పుడు అక్క అక్కడ లేదు. దానికి మేమెవరమూ ఏమీ చేయలేకపోయాం.

ఆ ఏడాదే ఆమె కంపెనీ మారి వెళ్ళిపోయింది. ఎక్కడుందో తెలియదు. నాకిప్పుడు తల నెరిసింది. అందరి కష్టమూ వినే ఆడమనిషి ప్రతి చోటా ఒకతె ఉంటుందని తెలుసుకున్నాను. నువ్వు గట్టిదానివమ్మా అని నేను ఎవరినీ మెచ్చుకోను. పక్కన కూర్చుని, నిన్నెవరు చూసుకుంటున్నారు అని అడుగుతాను. అడగ్గానే చాలామంది నవ్వేస్తారు. నేను మాత్రం లేచి రాను.