ఖాళీ చోట కాలు

ముసురు పట్టిన రోజుల్లో నా బాంగోల తోలు మెత్తబడితే, స్టవ్వు సెగకు కాస్త దూరంగా పట్టుకొని వేడి చేస్తాను. ఆ తోలు వాసన వంటింట్లో లేచిందంటే చాలు, పన్నెండేళ్ల పిల్లనై తిరుపతిలో రాజమాణిక్యం మాస్టారి వరండాలో కూర్చుంటాను.

మాస్టారు పగలంతా బట్టల కొట్లో గుడ్డ కొలిచి, సాయంత్రాలు పెళ్ళిళ్ళ ఆర్కెస్ట్రాలో బాంగోలనే చిన్న జంట డ్రమ్ములు వాయించేవారు. మద్రాసు స్టూడియో వాద్యగాళ్ల వెంటబడి నేర్చుకున్న విద్య ఆయనది. కుంపటి మీద తోలు కాచి, వేలితో మీటి, శ్రుతి కుదిరేదాకా చెవి ఆనించి వినే ఆ ఓపికను నేను మరొకరిలో చూడలేదు. శ్రీరామనవమి పందిట్లో ఒక పాటకు నన్ను వాయించనిస్తానన్నారు, కానీ ముందు క్లావే పట్టుబడాలన్నారు. అది క్యూబా దేశపు లయట. రెండు కట్టెముక్కలు ఒకదానితో ఒకటి తాటిస్తూ ఐదే దెబ్బలు: మొదటి సగంలో మూడు, రెండో సగంలో రెండు. అది మనసులో నిలిస్తే దాని చుట్టూ బాంగోలు ఎంతైనా అల్లుకోవచ్చు.

ఐదు దెబ్బలేగా అనుకున్నాను. మొదటి మూడూ బాగానే పడేవి. రెండో సగం మాత్రం ఖాళీతో మొదలవుతుంది, అక్కడ నా చెయ్యి ఊరుకునేది కాదు. మా నాయన చెక్కభజన గురువు; చేతుల్లో చెక్కలు తాటిస్తూ, అడుగులు వేస్తూ పాడే భజన అది. ఉయ్యాల్లో ఉన్నప్పటి నుంచీ నేను విన్నది తాళం మొదలయ్యే చోట చెక్క పడటమే. అక్కడ కొట్టకపోతే మా ఇంట్లో తాళం తప్పినట్టే లెక్క.

"ఆడ కొట్టొద్దు పాపా, ఆడ వదిలెయ్," అనేవారు మాస్టారు, నూరోసారి కూడా మొదటిసారి చెప్పినంత మెల్లగా. పండగ రేపనగా కూడా నా చెయ్యి మాట వినలేదు. పందిట్లో నాకు చోటు లేనట్టేనని పెరట్లో కూర్చుని ఏడ్చాను.

బాంగోలంటే సినిమా వాయిద్యమని నాయనకు చిన్నచూపు. ఆ సాయంత్రం మాత్రం పక్కన కూర్చుని, కట్టెలు తీసుకొని, నేను చెప్పిన ఐదు దెబ్బలూ వేసి చూశాడు. ఖాళీ దగ్గర ఆయన చెయ్యి కూడా ఊరుకోక దెబ్బ వేసేసింది. నవ్వొచ్చినా దిగమింగాను. ఆయన లేచి నిలబడి, చెక్కభజనలో లాగా అడుగులు వేస్తూ మళ్ళీ మొదలుపెట్టాడు. ఈసారి ఖాళీలో చెయ్యి ఆగింది, కాలు పడింది.

"తాళం యాడికీ పోలేదు పాపా. మీ మాస్టారు సేత్తో కొట్టొద్దన్నాడు గానీ కాల్తో వద్దన్నాడా? నాతో నడువు."

పెరడంతా ఇద్దరం నడిచాం. అడుగు తాళాన్ని చూసుకుంటుంటే చెయ్యి దానంతటదే ఊరుకుంది. మర్నాడు పందిట్లో, పానకం గ్లాసులు పట్టుకున్న జనం వెనక నాయన నిలబడి కాలు కదుపుతుంటే, ఆ కాలినే చూస్తూ పాటంతా వాయించాను. మాస్టారు తలాడించారు. వాళ్ళిద్దరంతటి గురువులు నాకు మళ్ళీ దొరకలేదు.

మాస్టారి వరండా ఉన్న చోట ఇప్పుడు లాడ్జి లేచింది. పెళ్ళిళ్ళలో మీట నొక్కితే లయ మోగుతోంది. మాస్టారూ లేరు, నాయనా లేడు. తోలు వేడెక్కాక కట్టెలు తీసుకొని ఒకసారి క్లావే వేస్తాను. మూడు దెబ్బల తర్వాత చెయ్యి ఆపి, కాలు నేలకు ఆనిస్తాను. అక్కడ పడేది నాయన అడుగే.