కంబళి కప్పుకున్న పరుగు

బోర్డు మీద పిల్లల బరువులు రాసే పని మొన్నమొన్నటిదాకా నాది.

పెనుకొండలో ఆడపిల్లల కబడ్డీ హాస్టల్లో నేను వంటమనిషిని. యాభై దాటిన తర్వాత ఆ పిల్లలే నాకు అక్షరాలు నేర్పారు. వాళ్లలో ఒకమ్మాయి మాలాగే గొర్రెలు కాసే ఇంటి పిల్ల. నేను రాగిముద్ద కెలుకుతున్నా వదలకుండా పొయ్యి పక్కన కూర్చుని నా చేత అంకెలు దిద్దించేది.

"అవ్వా, నీ ఎనిమిదికి నెలలు నిండినట్టుండాదే! కొంచెం సన్నంగా రాయి" అని పకపకా నవ్వేది.

అంకెలు కుదిరాక కోచ్ సారు సుద్దముక్క నా చేతికిచ్చారు. రోజూ పొద్దున్నే పిల్లలు ఒక్కొక్కరే మిషన్ ఎక్కుతారు, సారు చదువుతారు, నేను రాస్తాను. వేలిముద్ర వేసిన చేత్తో నేను రాసింది పదిమందీ చూస్తున్నారని లోలోపల పొంగిపోయేదాన్ని.

సారు పేరు తెలియనివాళ్లు ఈ చుట్టుపక్కల లేరు. ఆయన గదిలో ఒక ఆటగత్తె ఫోటో ఉంది, చేతిలో కప్పుతో. కొత్తగా వచ్చిన పిల్లలందరికీ ఆమె కథ చెబుతారు. "రెండు దినాల్లో మూడు కిలోలు దించింది. చుక్క నీళ్లు ముట్టల్యా. కప్పు కొట్టుకొచ్చింది. అదీ ఆటంటే." కథ అక్కడితో అయిపోతుంది.

ఆ తర్వాతి సంగతి నాకు తెలుసు. ధర్మవరంలో మా చుట్టాలింటి పక్కనే ఆమె పట్టు కండెలు చుడుతుంది. ముప్పై ఐదేళ్లు కూడా ఉండవు. కిడ్నీలు చెడిపోయాయి. దేనివల్లో డాక్టర్లు చెప్పలేదట. దినమంతటికీ ఇన్నే నీళ్లని ఒక సీసాకు గీత పెట్టుకుంది. ఓసారి అక్కడికి పోతే, నేను ఈ హాస్టల్ వంటమనిషినని తెలిసి, కండె ఆపకుండానే అడిగింది.

"సారు నా కత ఇంకా చెప్తాండాడా అవ్వా?"

"చెప్తాండాడు."

"ఫోటో ఉండాదా?"

"ఉండాది."

సీసా మూత తీసి, పెదాలు తడుపుకుని, మళ్లీ మూత పెట్టింది. తిరిగొచ్చాక ఈ సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో ఇప్పటికీ నాకే తెలియదు.

ఈ వేసవిలో హిందూపురంలో సెలెక్షన్లు పెట్టారు. యాభై ఐదు కిలోలు దాటితే ఆడనివ్వరు. నాకు అంకెలు నేర్పిన పిల్ల యాభై ఏడున్నర ఉంది. నాలుగు రోజులే గడువు.

"ఏమమ్మా, మీ ఇంట్లో గొర్రెబొచ్చు కంబళి ఉండాది కదా? తెచ్చియ్. చెమట పట్టి బరువు దిగుతాది" అన్నారు సారు.

తెచ్చిచ్చాను. నా చేతులతోనే ఆ పిల్లకు కప్పి, మెడ దగ్గర ముడి వేశాను. మిట్టమధ్యాహ్నం ఎండలో ఆ నల్ల కంబళి గ్రౌండు చుట్టూ తిరగడం వంటింటి కిటికీలోంచి కనిపించేది. మూడో రోజు పొద్దున యాభై ఐదు కిలోల ఆరువందల గ్రాములు రాశాను. అంకెలు గుండ్రంగా కుదిరాయని వెనక్కి జరిగి మరీ చూసుకున్నాను.

ఆ మధ్యాహ్నం పిల్ల వంటింటి గడప దగ్గరికి వచ్చి గోడ పట్టుకుంది. ముఖం మీద చెమట లేదు. అంత ఎండలో, కంబళి కింద, ఒక్క చుక్క చెమట లేదు.

ఎండకు గొర్రె తూలితే మా నాయన దాని మెడ మీద తోలు రెండు వేళ్లతో పట్టి వదిలేవాడు. వెంటనే సర్దుకుంటే భయం లేదు. మడత అలాగే నిలబడితే మాత్రం పరుగున నీడకు మోసుకుపోయేవాడు. నేను పిల్ల ముంజేతి మీద చర్మం పట్టి వదిలాను.

మడత నిలబడింది.

"ఏమే, పొద్దున్నుంచి ఒంటికి పోయినావా?"

"ల్యా. సారుకు చెప్పొద్దవ్వా. ఇంక ఆరొందలే."

ముడి విప్పి కంబళి లాగేశాను. ఉప్పు వేసిన మజ్జిగ నోటి దగ్గర పెడితే పళ్లు బిగించింది. గొర్రెపిల్లకు పట్టినట్టు దవడ పట్టి కొంచెం కొంచెంగా పోశాను. మూడు గుక్కలు దిగాక తనే చెంబు లాక్కుంది. ఏడుస్తూ తాగింది.

సారు వచ్చారు. "ఎవరు తాపమన్నారు నిన్ను?"

"తోలు నిలబడతాండాది సారూ."

"ఇది గొర్రె కాదమ్మా, ప్లేయరు. ఫోటోలో ఆ పాప మూడు దించింది. ఇది రెండున్నర దించల్యాదా?"

"ఆ పాప ఇప్పుడు నీళ్లు కొల్చుకుని తాగుతాండాది సారూ. ధర్మవరంలో."

ఆయన ఆశ్చర్యపోలేదు. ఎక్కడ, ఎలా ఉందని అడగలేదు. "నాకు తెల్దా?" అని మాత్రం అన్నారు, మెల్లగా.

వంట కోసం నన్నూ హిందూపురం తీసుకెళ్లారు. అక్కడ పిల్ల బరువు ఎక్కువ తూగింది. వెనక్కి పంపేశారు. తిరుగు బస్సులో నా పక్క సీటు ఖాళీగా ఉన్నా పెనుకొండ దాకా నిలబడే వచ్చింది. ఆ తర్వాత నాతో మాట్లాడలేదు. నేను సుద్దముక్క సారుకు తిరిగిచ్చేశాను, కంబళి ఇంటికి తీసుకుపోయి పెట్టెలో పెట్టేశాను.

వచ్చే ఆదివారం ధర్మవరంలో మళ్లీ సెలెక్షన్లు. నిన్న పొద్దున సారు గదిలో కుర్చీ మీద కొత్త కంబళి కనిపించింది, అంగడి మడత విప్పకుండా. మధ్యాహ్నం ఆ పిల్లే వచ్చి దాన్ని తీసుకుంది. ఎవరూ పిలవలేదు. ఎవరూ కప్పలేదు. మెడ దగ్గర తనే ముడి వేసుకుంది, నాకంటే గట్టిగా.

గ్రౌండు దాకా వెనకే వెళ్లాను. "ఒక్కసారి చెయ్యి చూపీ" అన్నాను.

చేతులు రెండూ కంబళి లోపలికి లాక్కుని పరుగు మొదలుపెట్టింది. గేటు పక్కన చెంబుతో నీళ్లు పెట్టి వచ్చాను. సాయంత్రం వెళ్లి చూస్తే, పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి.