పచ్చిక గేటుకు తాళం

మా నాన్న హిందీ ప్రాంతానికి వలస వచ్చి, ఉక్కు ఫ్యాక్టరీ కోక్ ఓవెన్లలో పనిచేసి రిటైరయ్యారు. బొగ్గును కాల్చి కోక్ చేసేటప్పుడు వచ్చే గ్యాసు నుంచి అక్కడ అమ్మోనియం సల్ఫేట్ తీస్తారు. ఊళ్ళో వాళ్ళకు అది ఎరువు, మా ఇంట్లో మాత్రం "మన మందు". పంచదారలా ఉండే ఆ పలుకులంటే నాన్నకు ప్రాణం. ఎవరైనా యూరియాను మెచ్చుకుంటే ఆ పూట వాళ్ళతో మాట్లాడేవారు కాదు.

ఫ్యాక్టరీ పక్కనున్న ఖుర్సీపార్‌లో మా ఇంటి వెనక కొంత ఖాళీ జాగా ఉంది. రిటైరయ్యాక నాన్న దాని చుట్టూ కంచె వేసి, గేటు పెట్టి, ఆవుల కోసం గడ్డి పెంచారు. మాకు రెండావులు, తల్లీకూతుళ్ళు. అమ్మ పోయాక వాటి పని నా మీద పడింది. పొద్దున్నే పాలు పితికి, పేడ ఎత్తి, ఆ తర్వాతే స్కూలుకు పాఠాలు చెప్పడానికి వెళ్ళేదాన్ని.

ఆ ఏడు తొలివానలకు నాన్న "మన మందు"ను చేతికి అడ్డు లేకుండా చల్లారు. వేన్నీళ్ళ పొయ్యి బూడిదను కూడా తట్టలకొద్దీ పోశారు. గడ్డి నల్లటి పచ్చతో ఎగదన్నుకుని వచ్చింది.

"ఏటే, సూసావా? ఇదీ మన మందంటే!" అని నన్నడిగి, వీధంతా పిలిచి చూపించారు.

ఒకరోజు పొద్దున ఆ గడ్డి మేస్తూనే పెద్దావు బిగుసుకుపోయింది. ఒళ్ళంతా వణికి, నోట నురగ కక్కి, కాళ్ళు కొట్టుకుంటూ పడిపోయింది. పశువుల డాక్టరమ్మ వచ్చేలోపే ప్రాణం పోయింది. వీధిలో అందరూ పాము అన్నారు. నాన్న కూడా అదే మాటంటూ కర్ర పట్టుకుని కంచె చుట్టూ తిరిగారు.

నాకు ఆ పాము మీద నమ్మకం కుదరలేదు. చిన్నావు చెవులు కూడా అదురుతున్నాయి, తలుపు చప్పుడైనా ఉలిక్కిపడుతోంది. అది చూడితో ఉంది. దీన్ని మాత్రం పోనిచ్చేది లేదనుకున్నాను. స్కూలుకు సెలవు పెట్టి, డాక్టరమ్మను బతిమాలి, దాని రక్తం పరీక్షకు పంపించాను.

రక్తంలో మెగ్నీషియం బాగా తక్కువగా ఉందని తేలింది. డాక్టరమ్మ వెంటనే ఇంజెక్షన్ చేసి, హిందీలో నాన్నకు విడమరచి చెప్పింది. ఎరువూ బూడిదా ఎక్కువైతే గడ్డి ఏపుగానే పెరుగుతుంది గానీ, ఆవు ఒంటికి మెగ్నీషియం సరిగ్గా అందదు. పెద్దావు కూడా బహుశా అలాగే పోయి ఉంటుంది.

నాన్న ముఖం మాడిపోయింది.

"బతుకంతా ఆ మందు తీసినోణ్ణి. అది నా ఆవునే సంపేసిందంటావేటి?" అని నా మీద విరుచుకుపడ్డారు.

"ఆ గడ్డి ఇక దీని నోటికి వెళ్ళదు నాన్నా," అన్నాను. ఆ సాయంత్రమే గేటుకు తాళం వేసి, చెవి నా కొంగుకు ముడేసుకున్నాను. చిన్నావుకు ఎండుగడ్డి కొని వేశాను. డాక్టరమ్మ ఇచ్చిన మెగ్నీషియం పొడి చేదు. తవుడులో బెల్లం కలిపితే తప్ప అది మూతి పెట్టేది కాదు. నాన్న నాతో మాటలు మానేశారు. కంచం జరిపి "అన్నం" అని గోడకు చెప్పేవారు. జాలేసేది, ఒళ్ళూ మండేది. మొండితనం ఆయన దగ్గర నేర్చుకున్నదే కాబట్టి నేనూ తగ్గలేదు.

కొన్ని వారాలకు డాక్టరమ్మ మళ్ళీ రక్తం తీయడానికి వచ్చింది. నేను తాడు అందుకునేలోపే నాన్న వచ్చి ఆవు మెడ పట్టుకున్నారు. సూది దిగుతున్నంతసేపూ దాని గంగడోలు నిమురుతూ నిలబడ్డారు. ఫలితం వచ్చిన రోజు మాత్రం గోడను వదిలి నన్నే అడిగారు.

"ఎంతొచ్చిందే?"

"సరిపడా వచ్చింది నాన్నా. ఇక భయం లేదంది."

ఆయన అరుగు మీద కూలబడి గేటు వైపు చూశారు.

"మందు మంచిదేనమ్మా," అన్నారు. "నా సెయ్యే ఆగనేదు. మీ అమ్మ మేపిన ఆవుని నేనే సంపుకున్నాను."

నాకు ఏడుపు ఆగలేదు. పక్కన కూర్చుని ఆయన చెయ్యి పట్టుకున్నాను. తాళంచెవి మాత్రం ఇవ్వలేదు.